ఉస్తాద్ చేతి తుపాకీ

ఓబులేసు తుపాకీ లైసెన్సుకు ఒక్క సంతకం తక్కువైంది. ఆ సంతకం పెట్టాల్సినవాడు ఖాసిం వలీ ఉస్తాద్. ఆయన పెట్టడం లేదు.

మిగతావన్నీ అయిపోయాయి. తండ్రి పోయాక ఆయన పేరుమీదున్న జంటగొట్టాల తుపాకీని ఓబులేసు పద్ధతి ప్రకారం పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, దాన్ని తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాడు. తహశీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. పోలీసులు ఊరికొచ్చి, ఇతను తాగుతాడా, తగవులకు పోతాడా అని ఇరుగుపొరుగును అడిగి వెళ్ళారు. కళ్ళూ చెవులూ బుర్రా సరిగ్గానే ఉన్నాయని డాక్టరు రాసిచ్చాడు. చివర్లో, తుపాకీని జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు శిక్షణ కాగితం తెమ్మన్నారు.

ఓబులేసుకు నవ్వొచ్చింది. ఆ తుపాకీ అతనికంటే ముందే ఆ ఇంట్లో ఉంది. మీసాలు రాకముందే తండ్రి దగ్గర గురి నేర్చుకున్నాడు. అలాంటివాడికి ఇప్పుడు ఎవరో తుపాకీ పట్టుకోవడం నేర్పాలట. పోనీలే, ఒక ఆదివారం పోతే పోయింది, పని ముగించుకొద్దాం అనుకున్నాడు.

ఆదివారాలు పోతూనే ఉన్నాయి.

వాళ్ళ ఊరు నల్లమల అంచున ఉంది. ఆ అంచునే ఓబులేసు మొక్కజొన్న చేను. కంకుల్లో పాలు పట్టే వేళకు అడవిపందులు పెళ్ళికొచ్చినట్టు మందలుగా దిగుతాయి. తినేది కొంత, తొక్కేది చేనంతా. తండ్రి ఉన్న రోజుల్లో మంచె మీదనుంచి ఆకాశంలోకి ఒక్కసారి పేలిస్తే చాలు, మళ్ళీ కొన్నాళ్ళ దాకా ఆ దిక్కుకు వచ్చేవి కావు. ఇప్పుడు ఓబులేసు రేకుడబ్బా వాయిస్తున్నాడు. దీపావళికి మిగిలిన టపాకాయలు కాలుస్తున్నాడు. భార్య సుంకమ్మ పాత చీరలన్నీ తీసి చేను చుట్టూ కట్టింది. మొదట్లో పందులు కాస్త బెదిరాయి. తర్వాత డబ్బా మోతకు అలవాటుపడి, అది వినబడితే చాలు ఇక్కడేదో మేత ఉందన్నట్టు రావడం మొదలుపెట్టాయి. ఉన్న భూమంతా ఆ ఒక్క చేనే. అది పోతే ఆ ఏడు ఇంట్లో తినడానికి ఏమీ ఉండదు.

ఇంత అవసరం నెత్తిమీద పెట్టుకుని అతను పట్నం వెళ్తే, ఉస్తాద్ అతన్ని ఇంటికి పొమ్మంటాడు.

ఖాసిం వలీ ఉస్తాద్ పోలీసుల ఆయుధాగారంలో తుపాకులు బాగుచేసి బాగుచేసి రిటైరైన మనిషి. పొట్టిగా, ఎండిన ఖర్జూరంలా ఉంటాడు. తలమీద తెల్ల నూలు టోపీ, ఎప్పుడూ నూనె వాసన వేసే చేతులు. పట్నం బయట వదిలేసిన రాళ్ళ క్వారీలో తుపాకీ క్లబ్బువాళ్ళు తూటాలు ఆగడానికి మట్టికట్ట పోయించుకున్నారు. లైసెన్సు కావాలనుకున్నవాళ్ళు ఆదివారం ఆదివారం అక్కడికి వచ్చి ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఆయన తక్కువ మాట్లాడతాడు. చెప్పింది మళ్ళీ చెప్పడం ఆయనకు పడదు. ఎవరైనా రెండోసారి అడిగితే, మొదటిసారి ఏం చేస్తాండావని కోపంగా చూస్తాడు.

మొదటిరోజు అందరినీ వరసగా నిలబెట్టి ఆయన చెప్పింది కూడా ఇంతే.

"తుపాకీ ఎవురి చేతిలోంచి వచ్చినా సరే, తెరిచి సూడాల. లోపల తూటా ఉందో లేదో నీ కంటితో నువ్వు సూసినాంకనే అది నీ చేతిలో ఉన్నట్టు. మూతి ఎప్పుడూ మట్టికట్ట దిక్కే."

ఓబులేసు అందరికంటే గట్టిగా తల ఊపాడు. తెలిసిన సంగతే కదా.

తర్వాత ఉస్తాద్ ఒక్కొక్కరికీ తుపాకీ అందించాడు. ఓబులేసు వంతు వచ్చింది. అతను చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. రెండు చేతులూ చాపి తుపాకీని అందుకున్నాడు, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. ఎవరు ఏ పనిముట్టు చేతికిచ్చినా మొదట కళ్ళకద్దుకోవాలని వాళ్ళ నాయన నేర్పిన మర్యాద అది. కళ్ళకద్దుకునేప్పుడు గొట్టం గిర్రున తిరిగి వరసలో ఉన్న అందరి పొట్టల మీదుగా పోయింది. తర్వాత అతను తుపాకీని భుజానికి ఆనించి, మట్టికట్ట మీద కట్టిన కాగితానికి గురి చూసి, మెచ్చుకుంటారేమోనని ఉస్తాద్ వైపు ఓరగా చూశాడు. గురి నిజంగానే బాగుంది. గొట్టం వెంట్రుకవాసి కదల్లేదు.

ఉస్తాద్ తుపాకీ వెనక్కి తీసుకున్నాడు.

"ఇంటికి పో. వచ్చే ఆదివారం రా."

ఓబులేసుకు ఏమీ అర్థం కాలేదు. పక్కన నరహరి శెట్టి ఉన్నాడు. పట్నంలో బంగారం అంగడి ఆయనది. తుపాకీ అంటే ఆయనకు వణుకు. అంగడి కాపలాకు కావాలి కాబట్టి వచ్చాడు తప్ప, దాన్ని పట్టుకోవడమే ఆయనకు ఇష్టం లేదు. తుపాకీ చేతికి రాగానే పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని, మధ్యలో వంచి తెరిచి, రెండు గొట్టాల్లోకీ తొంగి చూసి, మళ్ళీ ఒకసారి వేలుపెట్టి తడిమి చూశాడు. గురి మాత్రం ఘోరం. కాగితానికి గురిపెడితే మూతి కట్ట పైనున్న తుమ్మచెట్టును చూస్తోంది. ఉస్తాద్ ఆయన్ని ఏమీ అనలేదు. రెండో ఆదివారమే ఆయన కాగితం మీద సంతకం పడిపోయింది.

ఓబులేసుకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు తెరిచి సూడలేదప్పా," అన్నాడు నరహరి శెట్టి, బస్టాండులో ఓబులేసు వాపోతుంటే. "అందుకే ఆయన సంతకం పెట్టలేదు."

"ఉస్తాద్ ఇచ్చిందాన్ని తెరిచి సూడాల్నా? ఆయన్ని అనుమానించినట్టు కాదా?"

నరహరి శెట్టి భుజాలెగరేశాడు. సొంత మామ పెళ్ళిలో పెట్టిన ఉంగరాన్ని కూడా గీటురాయి మీద గీసి చూసుకున్న మనిషి ఆయన. అంగడి బుద్ధి ఎక్కడికి పోతుందని ఓబులేసు మనసులోనే తీసిపారేశాడు. దారినపోయేవాడు ఇస్తే తెరిచి చూడాలి, నిజమే. ఉస్తాద్ గారు స్వయంగా తన చేత్తో ఇచ్చిన తుపాకీలోకి తొంగి చూడటమంటే, పెద్దమనిషి వడ్డించిన అన్నంలో రాళ్ళున్నాయేమోనని కెలకడమే. ఆమాత్రం తెలియదా తనకు. లోపం ఇంకెక్కడో ఉంది. బహుశా తన భక్తి చాల్లేదేమో.

మరుసటి ఆదివారం భక్తి పెంచాడు. తెల్లారకముందే తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, ఉస్తాద్ కోసం పొట్లం కట్టించిన చక్కెర పట్టుకెళ్ళాడు. ఉస్తాద్ పొట్లం విప్పి వచ్చినవాళ్ళందరికీ తలా చిటికెడు పంచాడు. తర్వాత తుపాకీ ఇచ్చాడు. ఓబులేసు కళ్ళకద్దుకున్నాడు, ఇంకాస్త ఎక్కువసేపు. ఇంటికి పొమ్మన్నాడు ఉస్తాద్.

ఆ తర్వాతి ఆదివారం తుపాకీని కళ్ళకద్దుకోవడమే కాక, దాన్ని చేతిలో పట్టుకునే వంగి ఉస్తాద్ పాదాలకు దణ్ణం పెట్టబోయాడు. తుపాకీ మూతి ఉస్తాద్ మోకాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. అంత వయసులోనూ ఆయన మేకపిల్లలా పక్కకు గెంతాడు.

"మొదటి దినం ఏం చెప్పినా నేను?"

"అన్నీ గుర్తుండాయి ఉస్తాద్."

"గుర్తుంటే సాలదు. ఇంటికి పో."

ఆయన గొంతులో కోపం కూడా లేదు, విసుగు ఒక్కటే ఉంది. టోపీ తీసి నుదురు తుడుచుకుని, ఈ మనిషిని నాకెందుకు అంటగట్టావు దేవుడా అన్నట్టు ఆకాశం వైపు చూశాడు. ఓబులేసు కూడా సరిగ్గా అదే అడుగుతూ అదే ఆకాశం వైపు చూశాడు.

ఇంటికొస్తే సుంకమ్మ వాకిట్లో ఉంది. పందులు పడమటి వైపు సాళ్ళు మొత్తం పడగొట్టాయట. విరిగిన కంకులు గంపలో పోసి తెచ్చింది. గింజ ఇంకా గట్టిపడలేదు. ఎండబెట్టడానికీ పనికిరాదు, అమ్మడానికీ పనికిరాదు. ఆమె వాటిని బర్రెకు వేస్తూ, కాగితం వచ్చిందా అని కూడా అడగలేదు. అతని ముఖం చూస్తేనే తెలిసింది.

అతను ఉస్తాద్ మీద ఉన్న అక్కసంతా ఆమె దగ్గర వెళ్ళగక్కాడు. ఆ ముసలాయనకు తనంటే పడదన్నాడు. డబ్బున్న శెట్టికి ఇచ్చి తనకు ఇవ్వలేదన్నాడు. తను చూపించిన మర్యాద అక్కడ ఇంకెవరూ చూపించలేదన్నాడు.

సుంకమ్మ గంప కింద పెట్టింది.

"ఆయప్ప మర్యాద అడిగినాడా? తెరిచి సూడమన్నాడు. అదేదో సూసి సావరాదా?"

ఆడదానికేం తెలుస్తుంది అనుకున్నాడు ఓబులేసు. కానీ ఆ పూట అన్నం సహించలేదు. చేను ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో అతనికి తెలుసు. కంకి ముదిరాక లైసెన్సు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఆ తర్వాతి ఆదివారం అటో ఇటో తేల్చుకోవాలని బయలుదేరాడు. చక్కెర తీసుకెళ్ళలేదు. పంచె కూడా కట్టుకోలేదు. దారి పొడుగునా బస్సులో ఉస్తాద్‌ను నిలదీయాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. నా గురిలో తప్పుందా, నా నడతలో తప్పుందా, ఏదో ఒకటి చెప్పండి. చెప్పలేకపోతే సంతకం పెట్టండి. క్వారీకి చేరేసరికి ఆ మాటలు నాలుక చివర్న ఉన్నాయి.

ఉస్తాద్ ముఖం చూడగానే అందులో సగం మింగేశాడు. మిగతా సగం అడిగేశాడు.

"ఇంగ నా వల్ల కాదు ఉస్తాద్. పందులు సేనంతా తినేస్తాండాయి. నా తప్పేందో ఈపొద్దు చెప్పాల్సిందే."

ఉస్తాద్ అతనివైపు చాలాసేపు చూశాడు. ఆ రోజు కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే, వాళ్ళను హద్దుగా కట్టిన తాడు వెనక్కి పంపి, చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు. ఓబులేసుకూ దూది ఇచ్చాడు. తర్వాత మట్టికట్ట దాకా నడిచి వెళ్ళి, తన తలమీది టోపీ తీసి అక్కడ పాతిన కర్రకు తగిలించి వచ్చాడు. నెరిసిన పలచటి జుట్టుతో ఆయన ఒక్కసారిగా ఇంకా ముసలివాడిలా కనిపించాడు.

క్లబ్బు గదిలోకెళ్ళి తుపాకీ తెచ్చాడు. ఓబులేసును కట్టకు ఎదురుగా నిలబెట్టి అందించాడు. ఓబులేసు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఉస్తాద్ ఈసారి ఎందుకో గొట్టం మీదనుంచి చెయ్యి తియ్యలేదు. దాని మూతి మట్టికట్ట వైపు నుంచి కదలకుండా అదిమి పట్టుకునే ఉన్నాడు.

"ఖాళీనేనా?" అని అడిగాడు ఉస్తాద్.

"మీరిచ్చిందే కదా ఉస్తాద్. ఖాళీనే."

"సూసినావా?"

"మీరిచ్చినాంక సూసేదేముంది?"

ఉస్తాద్ ఒక అడుగు వెనక్కి వేసి అతని పక్కనే నిలబడ్డాడు. "అట్లయితే ఆ టోపీకి గురిపెట్టి నొక్కు."

ఎట్టకేలకు పరీక్ష గురి గురించేనన్నమాట. ఓబులేసుకు గుండె తేలికపడింది. పొరపాటున పేలకుండా ఉండే అడ్డుపుల్ల తీశాడు. తుపాకీని భుజానికి ఆనించి, చెంప ఆనించి, గాలి బిగబట్టి, టోపీ నడిమధ్యకు గురి చూశాడు. టిక్కుమని చిన్న చప్పుడు వస్తుందని ఎదురుచూస్తూ నొక్కాడు.

తుపాకీ పేలింది.

భుజం మీద ఎవరో గుద్దినట్టు అతను వెనక్కి తూలాడు. ఉస్తాద్ చెయ్యి అప్పటికే అతని వీపుకు ఆనుకుని ఉంది. క్వారీ గోడలన్నీ ఆ చప్పుడును ఒకదానికొకటి విసురుకున్నాయి. కట్ట మీద మట్టి పొగలా లేచింది. కర్ర ఊగుతోంది. దానిమీద టోపీ లేదు.

ఓబులేసు కర్ర వైపు చూశాడు, చేతిలోని తుపాకీ వైపు చూశాడు.

"ఎవురిచ్చినారు?" అన్నాడు ఉస్తాద్.

"మీరే ఉస్తాద్."

ఉస్తాద్ తుపాకీ వైపు వేలు చూపించాడు. ఓబులేసు దాన్ని వంచి తెరిచాడు. అన్ని ఆదివారాల్లో అదే మొదటిసారి. కుడి గొట్టంలో కాలిన తూటా ఉంది. ఎడమ గొట్టంలో ఇంకొకటి ఉంది, కాలనిది. ఇత్తడి అడుగు తళతళలాడుతూ ఉంది.

అతను దాన్ని బయటికి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూస్తూ అలాగే నేలమీద కూలబడ్డాడు.

నాయన పెద్దకర్మ రోజు గుర్తొచ్చింది. ఫొటో పక్కన పీటమీద తుపాకీ పెట్టి, గొట్టానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఇంటిల్లిపాదీ ఒక్కొక్కరే వచ్చి దణ్ణం పెట్టుకున్నారు. తన చిన్నపాప మోకాళ్ళ మీద కూర్చుని, తాత తుపాకీ అంటూ దాని మూతిమీద ముద్దు పెట్టింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ మర్నాడు తనే దాన్ని దుప్పట్లో చుట్టి, సుంకమ్మ ఒళ్ళో పెట్టి, బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్ళాడు. గుంతల దారి. స్టేషన్‌లో రైటరు దాన్ని తెరిచి, రెండు గొట్టాల్లోంచీ రెండు తూటాలు తీసి బల్లమీద నిలబెట్టాడు. అప్పుడు తను ఛాతీ విరుచుకుని చెప్పాడు, మా నాయన ఎప్పుడూ తయారుగా ఉండేవాడు సార్ అని.

ఆనాడు ఆ మాట గర్వంగా అన్నాడు. ఇప్పుడు అరచేతిలోని తూటా మీద గుప్పిట బిగించాడు.

"పాప ముద్దు పెట్టింది ఉస్తాద్," అన్నాడు.

ఏ పాప, దేనికి అని ఉస్తాద్ అడగలేదు. అతన్ని అలా కూర్చోనిచ్చి మట్టికట్ట దగ్గరికి నడిచాడు. అటూ ఇటూ వెతికి టోపీ దొరకబుచ్చుకుని, మట్టి దులిపి తలకు పెట్టుకున్నాడు. జల్లెడలా ఉంది. కన్నాల్లోంచి నెరిసిన వెంట్రుకలు బయటికొచ్చాయి. తాడు వెనకనున్న కొత్తవాళ్ళకు నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయారు.

తిరిగొచ్చి ఓబులేసు చేతిలోని తూటానూ తుపాకీనీ తీసుకున్నాడు. తెరిచి, కాలిన తూటా తీసేసి, చూసి మూశాడు. మళ్ళీ అందించాడు. ఓబులేసు లేచి నిలబడి అందుకున్నాడు. చేతులు అలవాటుగా పైకి లేవబోయి ఆగాయి. మూతిని కట్ట వైపు తిప్పాడు. ఉస్తాద్ కళ్ళముందే, ఉస్తాద్ ఇప్పుడే చూసి ఇచ్చిన తుపాకీని, వంచి తెరిచాడు. ఒక గొట్టంలోకి చూశాడు. రెండో దాంట్లోకి చూశాడు. వేలుపెట్టి తడిమాడు. ముఖమంతా చెమట పట్టింది. ఆయన్ను అవమానిస్తున్నట్టే అనిపించింది. అయినా తడిమాడు.

ఉస్తాద్ వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చాడు. ఓబులేసు మళ్ళీ తెరిచాడు. ఇంకోసారి ఇచ్చాడు. ఇంకోసారి తెరిచాడు. ఎండ నడినెత్తికొచ్చేదాకా ఇద్దరూ ఆ ఒక్క పనే చేశారు. కొత్తవాళ్ళు విసుగెత్తి నీడకు పోయారు. ఉస్తాద్ ముఖంలో మాత్రం ఆ పూట విసుగు కనిపించలేదు.

చివరికి ఆయన తుపాకీని గదిలో పెట్టి తాళం వేసి వచ్చాడు. ఓబులేసు చెప్పులు తొడుక్కుని, భుజాన సంచి వేసుకుని, వెళ్ళొస్తానన్నట్టు తల వంచాడు. సంచిలో సంతకం కావాల్సిన కాగితం ఉంది. అతను దాన్ని బయటికి తియ్యలేదు.

"కాగితం అడగవా?"

"వచ్చే ఆదివారం ఒకసారి రానీండి ఉస్తాద్. ఇంగా సేతికి అలవాటు కాల్యా."

"పందులు తింటాండాయంటివే?"

ఓబులేసు సంచిని భుజం మీద సర్దుకున్నాడు. పడగొట్టిన సాళ్ళు, గంపలోని పచ్చి కంకులు అన్నీ కళ్ళముందు మెదిలాయి.

"తిననీ ఉస్తాద్," అన్నాడు.

ఉస్తాద్ అతని భుజానున్న సంచి పట్టుకుని ఆపి, పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.